ఐఆర్‌సీటీసీ 45 పైసల బీమా: టిక్కు పెట్టండి, పని అక్కడితో అయిపోలేదు

రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు ఐఆర్‌సీటీసీ అడిగే బీమాకి తలకి 45 పైసలు. రైలు ప్రమాదంలో మరణిస్తే, లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 10 లక్షలు. పాక్షిక వైకల్యానికి 7.5 లక్షల దాకా, ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల దాకా ఇస్తారు. ఈ ధరకి వంక పెట్టడానికేం లేదు.

చిక్కల్లా నామినీ దగ్గరే. బుకింగ్ అయ్యాక బీమా కంపెనీ నుంచి ఎస్సెమ్మెస్, మెయిల్ వస్తాయి. అందులోని లింకు తెరిచి నామినీ వివరాలు నింపాలి. చాలామంది అదేదో ప్రకటన అనుకుని తుడిచేస్తారు. నింపకపోతే డబ్బు చట్టబద్ధ వారసులకు వెళ్తుంది, అంటే కాగితాల కోసం ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఏజెంటు తన నంబరు ఇచ్చి బుక్ చేశాడా, ఆ లింకు మీదాకా రానే రాదు.

ఈ బీమా ఆర్ఏసీకి (బెర్తు ఇంకా ఖాయం కాక, కూర్చునే చోటు మాత్రమే దొరికిన టికెట్‌కి) వర్తిస్తుంది, వెయిటింగ్ లిస్టుకి, కౌంటర్ టికెట్‌కి లేదు. బెర్తు తీసుకోని అయిదేళ్ల లోపు పిల్లలకూ లేదు. బ్యాగు పోయినా, దారిలో జ్వరమొచ్చినా పైసా రాదు. రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ ద్వారా వచ్చే 8 లక్షల దాకా పరిహారం వేరే సంగతి, ఈ బీమా తీసుకోకపోయినా దాన్ని అడగొచ్చు.