లిబ్రేఆఫీస్ అధికారిక డెబ్ ప్యాకేజీ: లైబ్రరీలను వెంట తెచ్చుకునే బిల్డుపై సమీక్ష

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ వాడేవారికి లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరు రెండు దారుల్లో అందుతుంది. ఒకటి డెబియన్ వారే బిల్డ్ చేసి (సోర్సు కోడును వాడదగిన ప్రోగ్రాముగా మార్చి) ఇచ్చేది. రెండోది లిబ్రేఆఫీస్‌ను నడిపే సంస్థ ది డాక్యుమెంట్ ఫౌండేషన్ తన సైటులో పెట్టే అధికారిక డెబ్ ప్యాకేజీల (డెబియన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ల) కట్ట. సోర్సు కోడు ఒకటే అయినా, అసలు తేడా థర్డ్ పార్టీ లైబ్రరీల దగ్గర, అంటే ఇతరులు రాయగా ప్రోగ్రాములు వాడుకునే కోడు దగ్గర వస్తుంది. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్, యూనికోడ్ పనులు చూసే ఐసీయూ, వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ వంటివి సిస్టమ్‌లో ఉన్నవే డెబియన్ బిల్డుకు చాలు. ఫౌండేషన్ బిల్డు మాత్రం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో సహా వాటి సొంత ప్రతులను తెచ్చుకొని వేరే ఫోల్డరులో కూర్చుంటుంది. ఈ సమీక్ష రెండోదాని గురించి.

తెలుగులో రాసుకునేవారికి దీనివల్ల కలిగే మేలు చిన్నది కాదు. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో ఒత్తులు సరైన చోట కూర్చోవాలంటే ఫాంటు ఒక్కటే చాలదు, అక్షరాలను పేర్చే ఇంజను కూడా సరిగా ఉండాలి. 2017లో 5.3 వెర్షన్ వచ్చేదాకా లిబ్రేఆఫీస్ ఈ పనికి విండోస్‌లో యూనిస్క్రైబ్‌ను, మ్యాక్‌లో కోర్‌టెక్స్ట్‌ను, లినక్స్‌లో హార్ఫ్‌బజ్‌ను ఆశ్రయించేది. అందువల్ల ఒకే ఫాంటుతో ఉన్న పత్రం కూడా ఒక్కో యంత్రంలో ఒక్కోలా కనబడే అవకాశం ఉండేది. ఆ తర్వాత అన్నిచోట్లా హార్ఫ్‌బజే. ఒకే వెర్షన్ లిబ్రేఆఫీస్ అధికారిక బిల్డుల్లో దాని వెర్షన్ కూడా ఒక్కటే కాబట్టి, విండోస్‌లో పేజీలు సర్దిన పుస్తకం అదే ఫాంటు ఉన్న లినక్స్ యంత్రంలో పంక్తులు చెదరకుండా తెరుచుకుంటుందని చాలావరకు నమ్మవచ్చు.

లైబ్రరీలను కలుపుకునే పద్ధతిలోనూ శ్రద్ధ కనిపిస్తుంది. సోర్సులోని డౌన్‌లోడ్ జాబితా తెరిస్తే ఏ లైబ్రరీకి ఏ టార్‌బాల్ (సోర్సు ఫైళ్ల మూట) తేవాలో, దాని షా-256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని పోల్చి చూసే సంకేతం) ఏమిటో రాసి ఉంటుంది. వాటిపై చేసిన మార్పులు ప్యాచ్‌లుగా (మార్పులు మాత్రమే ఉన్న ఫైళ్లుగా) విడిగా ఉంటాయి. ఈ ప్రతులు వద్దనుకునేవారు సిస్టమ్ లైబ్రరీలనే వాడమని చెప్పేందుకు కాన్ఫిగర్ స్విచ్చులూ (బిల్డుకు ముందు ఇచ్చే ఎంపికలు) ఉన్నాయి. ఇతరుల కోడును మార్చి లోపల కలిపేసి, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పని ప్రాజెక్టులు దీన్ని చూసి నేర్చుకోవాలి.

లోటంతా భద్రతా సవరణల దగ్గర ఉంది. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీలో సీవీఈ-2023-4863 అనే నమోదు సంఖ్య గల తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. డెబియన్‌లో ఆ లైబ్రరీ ప్యాకేజీ ఒక్కటి అప్‌డేట్ చేస్తే, దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నిటితో పాటు లిబ్రేఆఫీస్‌కూ సవరణ అందింది. ఫౌండేషన్ కూడా ఆలస్యం చేయలేదు, 7.6.2, 7.5.7 వెర్షన్లను అనుకున్న తేదీకన్నా ముందే విడుదల చేసింది. అయితే ఈ డెబ్ కట్టకు అప్‌డేట్లు అందించే రిపాజిటరీ (సిస్టమ్ కొత్త ప్యాకేజీలను తెచ్చుకునే నిల్వ) లేదు. కొత్త వెర్షన్ వచ్చిందని ప్రోగ్రాము చెప్పగలదు గానీ, దాన్ని మళ్ళీ మొత్తంగా దించుకొని ఇన్‌స్టాల్ చేసే పని వాడుకరిదే. లైబ్రరీలను మోసే బాధ్యత తీసుకున్నవారు వాటి సవరణలను ఇంటిదాకా చేర్చే ఏర్పాటు కూడా చేయాలి.

మామూలు ఆఫీసు పనికి డెబియన్ బిల్డునే వాడమంటాను. డెబియన్ 12లోని 7.4 వంటి పాత వెర్షన్ చాలనివారికి, పుస్తకాల పేజీలు సర్దేవారికి అధికారిక కట్ట మేలు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఉదాహరణకు 7.5 ఉన్న యంత్రంలో 7.6 వేస్తే పాతది పోదు. ప్యాకేజీల పేర్లు వేరు కాబట్టి రెండూ పక్కపక్కనే ఉంటాయి, పాత ఫోల్డరులో పాత లిబ్‌వెబ్‌పీ కూడా అలాగే ఉండిపోతుంది. కొత్తది సరిగా పనిచేస్తోందని తేలాక పాత ప్యాకేజీలను వెంటనే తొలగించాలి.