కోరంగి వాళ్ల దీవిలో ఆరు రోజులు

మారిషస్ అనగానే ఇంట్లో అందరికీ సముద్రమే గుర్తొచ్చింది. అందుకే మొదటి మూడు రాత్రులు ఉత్తరాన గ్రాండ్ బేలో దిగాం. రూము శుభ్రంగానే ఉంది కానీ, ‘సముద్రం కనిపించే గది’ అన్నది బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే కనిపించేంతే. చుట్టూ టూరిస్టులు, టూరిస్టు ధరలు.

అక్కడినుంచి బస్సులో రాజధాని పోర్ట్ లూయీ వెళ్లి, ఒకప్పుడు వలస కూలీలు దిగిన రేవు ఆప్రవాసీ ఘాట్ చూశాం. టికెట్ లేదు. నాలుగు రాతి గోడలు, పాత ఆసుపత్రి గదులు, రేవు నుంచి పైకొచ్చే మెట్లు. అరగంటలో అయిపోతుందనుకున్నవాళ్లం రెండు గంటలు ఉండిపోయాం. బానిసత్వం రద్దు చేస్తూ చట్టం వచ్చాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, బ్రిటిష్ వాళ్లు ఒప్పందం మీద మనవాళ్లని తెప్పించారు. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో 36 మంది దిగారు. 1910 నాటికి ఆ లెక్క నాలుగున్నర లక్షలు దాటింది. 2006లో ఈ చోటు యునెస్కో జాబితాలో చేరింది. తెలుగువాళ్లని అక్కడ ‘కోరంగి’ అనేవారట, ఓడ ఎక్కిన రేవు పేరుతో. మా అమ్మమ్మగారిది తాళ్లరేవు. కోరంగి పక్కనే. ఆ పేరు ఇంత దూరంలో వినపడేసరికి ఒళ్లు జలదరించింది.

బయట బండి మీద ఢాల్ పూరీ తిన్నాం. బొబ్బట్టులో బెల్లం తీసేసి శనగపప్పు పొడి మాత్రమే పెడితే ఎలా ఉంటుందో అలా. జంటగా ఇస్తారు, లోపల చిక్కుడుగింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిరప పచ్చడి. ట్రిప్పు మొత్తంలో రుచికీ ధరకీ న్యాయం చేసింది ఇదే.

మిగతా మూడు రాత్రులకు ఆగ్నేయాన మహేబూర్‌కి మారాం. మొదటే ఇక్కడికి రావలసింది. అద్దె దాదాపు సగం, ఎయిర్‌పోర్టు దగ్గర, బ్లూ బేలో అడుగు అద్దంగా ఉన్న పడవలో పగడాలు చూడొచ్చు, సోమవారం పెద్ద సంత. ఒకటే ఇబ్బంది: చీకటి పడితే బస్సులు దొరకవు. ఒక సాయంత్రం అలా చిక్కుకుని, బేరం ఆడకుండా టాక్సీ ఎక్కి, బాగా ముట్టజెప్పాం. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. షమరేల్ ఏడు రంగుల మట్టి చూడొచ్చు గానీ, దానికోసమే రోజంతా పెట్టకండి. మాకు దొరికిన డ్రైవరు దారిలో ఉన్న ప్రతి షాపులోనూ ఆపాడు. టెన్షన్ తప్ప ఇంకేం మిగల్లేదు.

మహేబూర్‌లో మేం దిగిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మామ్మగారు. ఇంట్లో మాట అక్కడి వాడుక భాష క్రియోల్, మాతో ఇంగ్లిషు. ‘మీరు తెలుగా?’ అని తెలుగులో అడిగి, ఆ పైన మళ్లీ ఇంగ్లిషులోకి వెళ్లిపోయారు. చిన్నప్పుడు బడిలో చదివిన తెలుగు, అక్షరాలు కూడగట్టుకుని చదవగలరు. కానీ పండగలు మాత్రం మనకంటే గట్టిగా చేస్తారు. సింహాద్రి అప్పన్న పూజ, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామ భజన. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. దేశం మొత్తం మీద జనం 13 లక్షల లోపే, మన ఒక మోస్తరు నగరం అంత. అందులో తమిళులు, భోజ్‌పురీ వాళ్లు, ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ వాళ్లు, చైనీయులు, అందరికీ ఎవరి పండగ వాళ్లకి. కరెన్సీ నోటు మీద తమిళం, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. ఆ మాట నేనంటే మామ్మగారు నవ్వి ఊరుకున్నారు.

బయల్దేరే ముందు రోజు నా ఫోనులో కోరంగి మడ అడవుల ఫొటోలు చూపించాను. ఆవిడ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశారు.

‘రేవు ఏదీ?’

పూడిపోయిందని, ఇప్పుడు టూరిస్టుల పడవలే తిరుగుతాయని చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటి ఫొటో చూపించమన్నారు.