స్టోన్‌హెంజ్‌కి రెండు గంటలు చాలు, ఏవ్‌బరీకి ఒక పూట ఉంచుకోండి

ఇంగ్లండ్‌లో పాత రాళ్లు చూద్దామంటే ముందు అందరి నోటా వచ్చేది స్టోన్‌హెంజే. ఏర్పాట్లకు వంక పెట్టలేం. టైమ్ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంచిది. విజిటర్ సెంటర్ నుంచి రాళ్ల దాకా షటిల్ బస్సు, దాని ఖర్చు టికెట్‌లోనే. కానీ మామూలు వేళల్లో రాళ్ల వలయం లోపలికి పోనివ్వరు, దూరంగా చుట్టూ తిరిగి రావాల్సిందే. చిన్న రాళ్లు 240 కిలోమీటర్ల అవతల వేల్స్ కొండల నుంచి వచ్చాయని వింటే, ఒకసారి చెయ్యి వేసి చూడాలనిపించదూ?

ఆ ముచ్చట ఏవ్‌బరీ అనే ఊళ్లో తీరుతుంది, అక్కడా ఇలాంటి రాళ్ల వలయమే. కారులో ముప్పావు గంట దూరం. కారు లేకపోతే స్విండన్ నుంచి 49 నంబరు బస్సు ఉంది. రాళ్ల దగ్గరికి టికెట్ లేదు, పార్కింగ్‌కే డబ్బులు. వలయం ఎంత పెద్దదంటే ఊళ్లో సగం దానిలోనే ఉంది, పబ్బుతో సహా. రాళ్ల మధ్య గొర్రెలు మేస్తుంటాయి, కింద చూసుకుని నడవాలి. 17, 18 శతాబ్దాల్లో ఇక్కడివాళ్లు మంటపెట్టి, చన్నీళ్లు పోసి చాలా రాళ్లు పగలగొట్టి ఇళ్లకు వాడుకున్నారు. 1930లలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కీలర్ పడిపోయినవాటిని లేపి నిలబెట్టి, పోయినవాటి చోట కాంక్రీటు గుర్తులు పాతించాడు. నకిలీ రాళ్లు పెట్టకపోవడం నాకు భలే నచ్చింది.

పక్కనే సిల్‌బరీ హిల్. మనుషులు పోసిన 30 మీటర్ల మట్టి గుట్ట, ఎక్కనివ్వరు, రోడ్డు మీంచి చూస్తే సరిపోతుంది. దాని ఎదురుగా పొలాల్లోంచి పైకి నడిస్తే వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో. 5,600 ఏళ్ల నాటి సమాధి, గదులు ఐదు, కాపలా లేదు, టికెట్ లేదు. ఫోన్ టార్చ్ వేసుకుని లోపలికి దూరిపోవడమే. నా లెక్కలో ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా గొప్పది ఇదే. వాన పడితే మాత్రం దారి బురద, బూట్లు లేకుండా వెళ్లొద్దు.

బస దగ్గర్లోని మార్ల్‌బరో ఊళ్లో, ఒక పాత ఇంటి బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లో. గది శుభ్రంగా ఉంది. శాకాహారమని ముందే చెబితే బీన్స్, పుట్టగొడుగులు, టోస్ట్ పెట్టారు. లిఫ్ట్ లేదు, మెట్లు ఇరుకు, పెద్ద సూట్‌కేసులకు నరకం. మధ్యాహ్నం దాటాక పబ్బుల్లో వంటగది మూసేస్తే ఆకలితో తిరగాలి కాబట్టి పులిహోరో చపాతీలో కట్టుకెళ్లండి. అమ్మానాన్నలు వెంట ఉంటే బారో ఎక్కించకుండా ఏవ్‌బరీ దగ్గరే ఆపండి.