గుణదల కొండ కింద కొన్న జపమాల: ఆరు నెలలు వాడాక

మేము కాథలిక్కులం. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11న జరిగే మరియమాత పండక్కి వెళ్ళినప్పుడు మెట్ల దగ్గర ఒక చిన్న కొట్టులో 150 రూపాయలకి కొన్నాను, చెక్క పూసలది. మొత్తం 59 పూసలు, మంగళవార్త జపానికి (మరియమ్మకి చెప్పే ప్రార్థన) 53, పరలోక జపానికి (యేసు నేర్పిన ప్రార్థన) 6, లెక్క సరిగ్గా ఉంది. పూసలు నున్నగా ఉన్నాయి, చేతికి గుచ్చుకోవు. సిలువ దగ్గర తీగ మాత్రం రెండో నెలలోనే ఊడింది, మా ఆయన పట్టకారుతో మళ్ళీ బిగించారు.

మా వదిన వాళ్ళది ప్రొటెస్టెంట్ సంఘం. ఇది చేతిలో చూసి, "మరియమ్మని పూజిస్తున్నారు, మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే కదా" అన్నారు. ఒక్కడే వదినా, మేమూ అదే నమ్ముతాం. కానీ ఈ పూస పట్టుకుని మేము చెప్పేది వినండి: "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అన్నది గాబ్రియేలు దూత పలుకు, తర్వాతది మరియమ్మ బంధువు ఎలిజబెతమ్మ మాట, రెండూ బైబిల్లో లూకా సువార్త మొదటి అధ్యాయంలోనివే, ఇక చివర్లో మేము అడిగేది "మా కొరకు ప్రార్థించండి" అని మాత్రమే. మీ పాస్టరు గారిని ప్రార్థన చేయమని మీరు అడగరా? కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షరసం అయిపోతే కొడుకు యేసుతో చెప్పింది ఆ తల్లే, పనివాళ్ళతో ఆయన చెప్పినట్టు చేయమన్నదీ ఆమే.

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న రాత్రులన్నీ ఇదే నా చేతిలో ఉంది, పెద్ద పూసల రంగు అప్పుడే కాస్త వెలిసింది. తీగ చూసుకుని కొనండి, మిగతాదంతా బాగుంది.