సాతపడ డాల్ఫిన్లు: బెజవాడ నుంచి వెళ్లేవారికి

విజయవాడ నుంచి ఒడిశాలోని చిలికా సరస్సుకు వెళ్లేవారిలో చాలామంది పూరీలో జగన్నాథుని దర్శనం చేసుకొని, మిగిలిన పూటలో డాల్ఫిన్లను చూసి రావాలనుకుంటారు. మేము మాత్రం పిల్లలు, పెద్దవాళ్లతో కలిసి ఆ సరస్సు ఒడ్డునున్న సాతపడలోనే రాత్రి బస చేశాము. పూరీ నుంచి అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. పూరీ నుంచి వచ్చే కార్లు పొద్దెక్కాక ఒక్కసారిగా రేవుకు చేరతాయి కనుక, తెల్లవారగానే పడవ ఎక్కగలిగినవారికే నిశ్శబ్దమైన నీళ్లు దక్కుతాయి. మా గది సాదాసీదాగా ఉంది, వేడినీళ్లు అడిగి తెప్పించుకోవలసి వచ్చింది, చేపల పులుసు మాత్రం చాలా బాగుంది. వసతి ముఖ్యమనుకునేవారికి పూరీయే నయం. బార్కుల్, రంభ రేవులు హౌరా రైలు మార్గానికి దగ్గరగా ఉండి, దీవులకూ వలస పక్షులకూ అనువైనవే అయినా, డాల్ఫిన్ల కోసమైతే సరస్సు సముద్రాన్ని కలిసే మొగ వైపున్న సాతపడకే వెళ్లాలి.

అక్కడ కనిపించేవి ఇరావతి డాల్ఫిన్లు. వీటికి పొడవాటి మూతి ఉండదు, తల గుండ్రంగా ఉంటుంది, వీపు మీది రెక్క చాలా చిన్నది. టీవీలో చూసినట్లు ఎగిరి దూకుతాయని ఆశపడి వచ్చినవారు సాధారణంగా నిరాశ చెందుతారు, ఆ నిరాశతోనే పడవవాళ్లను ఇంకా దగ్గరికి పోనిమ్మని తొందరపెడతారు.

రేవులో కొందరు డాల్ఫిన్‌ను చూపించకపోతే డబ్బు వద్దన్నారు. ఆ మాటే నాకు భయం కలిగించింది, ఎందుకంటే చూపించి తీరాలన్న పంతం ఉన్నవాడు వెంటాడక తప్పదు. అందుకే కనిపించినా కనిపించకపోయినా గంటల లెక్కన పూర్తి కిరాయి ఇస్తామని, వెంటపడవద్దని వచ్చీరాని హిందీలో చెప్పి, దానికి ఒప్పుకున్న ఒక పెద్దాయన పడవ ఎక్కాము. ఆయన దూరంగానే ఇంజను ఆపి, దాని పొడవాటి కడ్డీని నీళ్లలోంచి పైకెత్తి, వెదురు గెడతో పడవను నిలిపారు. కాసేపటికి బూడిదరంగు నుదురు ఒకటి తేలి, ఉఫ్‌మని ఊపిరి వదిలి, అల కూడా లేవకుండా మునిగిపోయింది. ఆ వెంటనే పక్కనే ఇంకా చిన్న తల ఒకటి లేచింది. మా అత్తయ్యగారు చేతులు జోడించారు.

తరువాత వచ్చిన పడవలు ఇంజన్లు ఆపకుండానే ఆ చోటును మూడు వైపులా చుట్టుముట్టగా, జనం చప్పట్లు కొట్టారు. ఆ తల్లీ పిల్లా మళ్లీ దూరంగా ఎక్కడో తేలాయి. డాల్ఫిన్లు తాము చేసే ధ్వనుల ప్రతిధ్వనులను బట్టే మసక నీళ్లలో దారినీ ఆహారాన్నీ పోల్చుకుంటాయి, ఊపిరి కోసం పైకి రాక తప్పదు. ఇంజన్ల మోత, వాటి ప్రొపెల్లర్ రెక్కల దెబ్బలు ఈ రెండింటికీ అడ్డుపడతాయి. మన దేశంలో ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవులు. ఆస్ట్రేలియా మార్గదర్శకాల ప్రకారం పడవలు డాల్ఫిన్లకు 50 మీటర్లు, తిమింగలాలకు 100 మీటర్ల ఎడం పాటించాలి. ఎదురుగా వెళ్లి దారి అడ్డగించకూడదు, ఆహారం విసరకూడదు.

మొగ దగ్గరి ఇసుక దిబ్బ మీద ఆగడం మాకు అంతగా నచ్చలేదు, అక్కడ బేరాల గోల ఎక్కువ. ఆ సమయాన్ని కూడా నీటి మీదే గడపాలనుకునేవారు కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పాలి, లైఫ్ జాకెట్లు అందరికీ సరిపోతాయో లేదో రేవులోనే చూసుకోవాలి.