రంభ రేవులో మా ఫైబర్ పడవ: ఏళ్ళ తరబడి నడిపాక

ఈ పడవ పొట్ట, అంటే నీళ్ళలో తేలే దాని ఒళ్ళు, గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఇంజన్ చుట్టూ ఉన్న చోటు గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. పడవ కొనేవాళ్ళు రేవులో అడిగేది పొడవెంత, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్, గంటకి ఎంత డీజిల్ తాగుతుంది అని. ఇన్నేళ్ళు పగలూ రాత్రీ దీని మీదే గడిపాక నేను ముందు చూసేది ఇంకొకటి. నీళ్ళ మధ్యలో ఏదైనా చెడితే అక్కడికి నా చెయ్యి వెళ్తుందా లేదా అని.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పాత చెక్క పడవ ముక్కలైపోయింది. దాని బదులు అప్పు చేసి కొన్నది ఈ ఫైబర్ పడవ. పొడవు 28 అడుగులు, మధ్యలో చిన్న కప్పు, వెనక పలకల కింద సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్. ఒడిశాలోని చిలికా సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న ఊళ్ళలో జాలర్ల దగ్గర మండపీతలు కొని, ఆ వైపే ఉన్న రంభ ఊరి రేవుకి చేర్చడం మా పని. అక్కడి నుంచి పెట్టెలు రైల్లోనో లారీలోనో వెళ్ళిపోతాయి. పీత బతికుంటేనే డబ్బు. తడి గోనెసంచి కప్పి నీడలో ఉంచితే ఓపిక పడుతుంది గానీ, నడి ఎండలో ఇంజన్ ఆగి పడవ నిలిచిపోతే ఆ రోజు సరుకు మీద ఆశ వదులుకోవాల్సిందే. సీజన్‌లో చాలా రాత్రులు నేనూ మా బామ్మర్దీ పడవలోనే వండుకుని పడుకుంటాం. కాబట్టి దీన్ని బండిగానూ చూస్తాను, ఇల్లుగానూ చూస్తాను.

ముందు పొట్ట సంగతి. చెక్క పడవకి ప్రతి ఏడూ సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టించాలి, ఉప్పునీటి పురుగు తొలిచిన పలక మార్చాలి, ఆ పని తెలిసిన మేస్త్రీ కోసం వెతకాలి. ఫైబర్ వచ్చాక ఆ గొడవ పోయింది. పోయిందంటే ఇక చూడక్కర్లేదని కాదు. ముక్కు భాగం రాళ్ళకి, రేవు మెట్లకి తగిలి పైపూత పగులుతుంది. జెల్‌కోట్ అనే ఆ పైపూత పగిలితే నీరు లోపలి పొరల్లోకి మెల్లగా వెళ్తుంది. ఒడ్డుకి లాగినప్పుడు అడుగున చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే అర్థం అదే.

ఈ మరమ్మతు ఎవరి సాయమూ లేకుండా చేసుకోవచ్చు. పగులు మీద పైపైన రెజిన్ అనే జిగురు పూసి వదిలేస్తే ఆరు నెలల్లో మళ్ళీ ఊడుతుంది. పగులు చుట్టూ జానెడు మేర గ్రైండర్‌తో ఏటవాలుగా అరగదీయాలి, మధ్యలో లోతుగా, అంచులకి పలచగా. తరవాత అసిటోన్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. ఈ ఆరనివ్వడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తడి ఉన్న ఫైబర్ మీద రెజిన్ పట్టదు. అందుకే ఈ పని వానాకాలంలో పెట్టుకోను, డిసెంబర్, జనవరిలో పెట్టుకుంటాను. చిన్న ఫైబర్ మ్యాట్ ముక్క రెజిన్‌తో ముందు, దానికన్నా పెద్దది దాని మీద, అలా మూడు నాలుగు పొరలు వేసి, ప్రతి పొరలో గాలి బుడగ లేకుండా రోలర్‌తో నొక్కాలి. రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ కిలో రెజిన్‌కి 10 నుంచి 20 గ్రాములు, ఎండ ఎక్కువుంటే తక్కువ వైపే. రెజిన్‌లో కోబాల్ట్ (త్వరగా గట్టిపడేలా చేసే మందు) కలిపి అమ్మకపోతే ముందు కోబాల్ట్ వేసి బాగా కలిపాకే హార్డెనర్ వెయ్యాలి. ఆ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. ఇది తెలియని కుర్రాళ్ళు ఒకే మగ్గులో రెండూ కొలవడం నేను కళ్ళారా చూశాను. దయచేసి అలా చెయ్యకండి. అరగదీసేటప్పుడు ముక్కుకి మాస్కు, ఒంటికి ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి చర్మంలో దిగితే రెండు రోజులు నిద్ర ఉండదు.

ఇక ఇంజన్ దగ్గరికి వద్దాం. పడవ కట్టినవాళ్ళు ఇంజన్ మీద పలక మూత ఒకటి పెట్టారు. ఇంజన్ ఎక్కించడానికి అది సరిపోతుంది. రిపేరుకి సరిపోదు. ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ పడవ అడుగు దాటి బయటికి వెళ్ళే చోట గ్లాండ్ ఉంటుంది. బయటి నీరు లోపలికి రాకుండా ఆపేది అదే. మా పడవలో దాని మీదుగా సైలెన్సర్ గొట్టం వెళ్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు గ్లాండ్ నట్టు తిప్పాలంటే చెయ్యి కాలాల్సిందే. మొదటి ఏడాది మా బామ్మర్ది ముంజేతి మీద ఆ మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది.

గ్లాండ్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పడవలో ఉండేవాళ్ళ నిద్ర దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు గ్లాండ్ నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి. ఆ చుక్కలే షాఫ్ట్‌ని చల్లగా ఉంచుతాయి. "నీళ్ళు కారుతున్నాయి బావా, గట్టిగా బిగించేయనా?" అని మా వాడు అడిగేవాడు. అలా బిగిస్తే గ్లాండ్ లోపల షాఫ్ట్ చుట్టూ కూరిన తాడు ఎండిపోయి షాఫ్ట్‌ని గీరేస్తుంది, ఆ గీతల వెంట ఇంకా ఎక్కువ నీరు వస్తుంది. ఆ తరవాత ఎంత కొత్త తాడు పెట్టినా ఆగదు, షాఫ్టే మార్చాలి. రెండు నట్లూ సమానంగా, పావు తిప్పు కన్నా తక్కువ తిప్పి, కాసేపు నడిపి, చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే వదులు చెయ్యాలి. ఇంజన్ ఆపాక చుక్క ఆగిపోవాలి, లేదా ఆగినట్టే ఉండాలి. బిగించడానికి ఇక చోటు లేనప్పుడు తాడు మార్చాలి. పడవని ఒడ్డుకి లాగి, పాత తాడంతా కొక్కెంతో బయటికి తీసి, కొత్త తాడుని రింగులుగా కోసి, ఒక రింగు అతుకు ఇంకో రింగు అతుకు మీదికి రాకుండా తిప్పి పెట్టాలి. బరంపురం హార్డ్‌వేర్ కొట్లలో గ్రాఫైట్ తాడు దొరుకుతుంది. షాఫ్ట్‌కీ గ్లాండ్ గోడకీ మధ్య సందు కొలిచి తీసుకెళ్ళండి, చూపు అంచనాతో కొనొద్దు.

ఈ పనులన్నిటికీ చెయ్యి పట్టేలా చివరికి వెనక పలకని కోయించాను. మా రేవులో పెద్ద మేస్త్రీ వచ్చి చూసి, "బాబూ, ఇది కట్టినోడు దీంట్లో ఒక్క రాత్రీ పడుకోలేదు" అన్నాడు. గ్లాండ్‌కి సరిగ్గా పైన తీసి పెట్టుకునే మూత, నీటి పంపు పక్కన ఇంకో మూత పెట్టాడు, సైలెన్సర్ గొట్టానికి ఆస్బెస్టాస్ లేని వేడి గుడ్డ చుట్టాడు. ఆ మార్పు తరవాతే నాకు పడవ మీద నమ్మకం కుదిరింది. కొత్తది చేయించుకునేవాళ్ళు ఈ మూతలు ముందే అడగండి. కట్టేటప్పుడు పెడితే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

ఇంజన్‌ని చల్లబరిచేది సరస్సు నీరే. అడుగున జల్లెడలోంచి నీరు పీల్చి, రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) ఉన్న పంపు ఇంజన్ చుట్టూ తిప్పి, పక్క గొట్టంలోంచి బయటికి వదులుతుంది. పడవ నడిపేవాడి చెవి ఆ నీటి చప్పుడు మీద ఉండాలి. సన్నబడిందంటే జల్లెడకి నాచో ప్లాస్టిక్ కవరో పట్టినట్టు. ఋషికుల్య నది వైపు తీసుకెళ్ళే పాలూరు కాలవలో ఇది ఎక్కువ. అక్కడ నీరు తక్కువ, బురద ఎక్కువ, ఆటుపోటు చూసుకుని దిగకపోతే అడుగు తగులుతుంది. ఆ బురద నీరు పీల్చిన ఇంపెల్లర్ రెక్కలు త్వరగా అరుగుతాయి. కాలవలోకి వెళ్ళేటప్పుడు వేగం తగ్గించి, లోతు తక్కువున్న చోట ఇంజన్ ఆపి గడ వేస్తాం. గడ వేస్తే ఒళ్ళు నొప్పులు ఒక్క రాత్రితో పోతాయి, ఇంజన్ వేడెక్కి హెడ్ పోతే సీజనే పోతుంది.

డీజిల్‌లో నీరు చేరడం ఈ పడవతో పడ్డ ఇంకో టెన్షన్. ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా మంచులో ఉంటే లోపలి గోడలకి చెమ్మ పట్టి అడుగుకి దిగుతుంది. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం సబులియా ఊరి ఎదుట, దక్షిణపు గాలి లేచే వేళకి ఇంజన్ దగ్గి ఆగిపోయింది. పీతల పెట్టెలు నిండుగా ఉన్నాయి. ఫిల్టర్ కింది గిన్నె విప్పితే అడుగున నీరు. నీరు వంచేసి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి లివర్‌తో డీజిల్ కొట్టాం. బుడగలు ఆగేదాకా కొట్టి, అది బిగించి, తరవాత ఇంజెక్టర్ గొట్టం నట్టు దగ్గర అదే పని. డీజిల్ గొట్టంలో గాలి చిక్కితే సెల్ఫ్ ఎంత కొట్టినా బ్యాటరీ అయిపోవడమే తప్ప ఇంజన్ లేవదు. ఫిల్టర్ మాత్రం మొదటి నుంచీ పక్క గోడకి, ఎదురుగా పెట్టారు. ఆ ఒక్క ఏర్పాటుకి కట్టినవాళ్ళకి దండం. అది కూడా ఇంజన్ వెనకాలే ఉండి ఉంటే ఆ రోజు సరుకు దక్కేది కాదు. అప్పటి నుంచి సాయంత్రం ఒడ్డు చేరగానే ట్యాంకు నింపేస్తాం, వారానికోసారి గిన్నె వంచి చూస్తాం.

ప్రొపెల్లర్‌కి వల చుట్టుకోవడం చిలికాలో మామూలే. ఇక్కడ మా తరహా పడవ ఓడిపోతుంది. పొడవాటి కడ్డీ చివర ప్రొపెల్లర్ ఉండే లాంగ్ టెయిల్ ఇంజన్ ఉన్నవాళ్ళు తోక పైకెత్తి, కత్తితో కోసేసి, అయిదు నిమిషాల్లో బయల్దేరతారు. మేం నీళ్ళలో దిగాలి. నైలాన్ తాడు షాఫ్ట్ మీద బిగిసి వేడికి కరిగి గట్టిపడితే ముక్కలు ముక్కలుగా కోయాలి. కానీ రాత్రి పడవలో పడుకునేవాళ్ళకి, బరువు సరుకు మోసేవాళ్ళకి ఇంజన్ కింద ఉంటే పడవ నిలకడగా ఉంటుంది, చప్పుడు తక్కువ, కప్పు కింద చోటు మిగులుతుంది. వలల మధ్య, నాచులో తిరిగే పనే ఎక్కువైతే లాంగ్ టెయిలే తీసుకోండి.

చిలికా నీరు ఏడాదంతా ఒక్కలా ఉండదు. వానల్లో దయా, భార్గవి నదులు మంచినీరు తెచ్చి పోస్తాయి, ఎండల్లో ఉప్పు పెరుగుతుంది. 2000 సెప్టెంబర్‌లో సరస్సుకి సముద్రం వైపు కొత్త ముఖద్వారం తవ్వాక చేపలూ పీతలూ పెరిగాయి, నాచు తగ్గింది. ఆ మేలు మా పొట్ట నింపింది. దాంతోపాటు ఉప్పు వల్ల వచ్చే పనీ ఉంటుంది. అడుగున గుల్లలు పట్టి పడవ బరువెక్కుతుంది, ఎప్పటికప్పుడు గీకాలి. షాఫ్ట్‌నీ ప్రొపెల్లర్‌నీ తుప్పు నుంచి కాపాడే ముక్క సముద్రంలో అయితే జింక్‌ది పెడతారు. ఇలాంటి సగం ఉప్పు నీటికి అల్యూమినియం ముక్క మేలు. దాని మీద రంగు వెయ్యకూడదు.

పడవలో బతుకు విషయానికొస్తే, తాగే నీళ్ళు క్యాన్లలో మోసుకెళ్ళాలి, వంటకీ అవే. దోమతెర లేకుండా ఒడ్డు దగ్గర లంగరు వెయ్యలేం. గ్యాస్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. 5 కిలోల సిలిండర్‌ని కప్పు కింద పెట్టొద్దు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, పడవ అడుగున నీళ్ళు చేరే చోటే చేరుతుంది. వాసన ముక్కుకి అందదు, ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నిప్పురవ్వ చాలు. మాది బయట, కింద కన్నాలున్న పెట్టెలో ఉంటుంది. వంట అయ్యాక రెగ్యులేటర్ కట్టేస్తాం. కరెంటుకి 12 వోల్టుల బ్యాటరీ, చిన్న సోలార్ పలక. మామూలు రాగి తీగలు రెండేళ్ళలో పచ్చబడి పొడైపోయాయి. తగరం పూసిన తీగలు వేయించాక లైట్లు మినుకుమనడం ఆగింది. పడవ అడుగున చేరిన నీరు తోడే పంపు తీగ మాత్రం మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకే ఇచ్చాం. అందరూ నిద్రపోయాక కూడా అది పని చెయ్యాలి కదా.

2018లో తిత్లీ తుఫానుకి, 2019 మేలో ఫొనీ తుఫానుకి పడవని ముందురోజే ఎత్తైన ఒడ్డుకి లాగి, బ్యాటరీ, పంపు విప్పి ఇంటికి తీసుకెళ్ళి, నాలుగు వైపులా మోకులు కట్టి, ఇంజన్ మునగకుండా చూసుకుంటూ ముందు భాగంలో కొంత నీరు నింపాం, గాలికి దొర్లకుండా. రెండుసార్లూ పైపూత గీతలతో బయటపడింది. చెక్క పడవైతే అంత నీటి బరువుకి, ఆ లాగుడుకి సందులు విచ్చుకునేవి.

అప్పు తీరింది. ఇంజన్ ఒకసారి రింగులు, బేరింగులు మార్పించుకుంది. పొట్టకి ఇంకా చాలా ఏళ్ళ ఆయుష్షు ఉందని మేస్త్రీ అంటున్నాడు, నాకూ అలాగే అనిపిస్తోంది. కొనబోయేవాళ్ళు పడవ కట్టే షెడ్డుకి వెళ్ళినప్పుడు పానా ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. పలకలు మూసి ఉండగా గ్లాండ్ నట్టు, పంపు మూత, ఫిల్టర్ గిన్నె, నీళ్ళ జల్లెడ, ఈ నాలుగింటికీ పానా పెట్టి తిప్పి చూడండి. ఏదైనా అందకపోతే అడ్వాన్స్ ఇవ్వకముందే అక్కడ మూత కోయించండి. మీతో పాటు ఒక జత ఇంపెల్లర్లు, గ్లాండ్ తాడు, రెండు డీజిల్ ఫిల్టర్లు, ఒక బెల్టు, ఒక కిలో రెజిన్ సామాను ఎప్పుడూ పడవలోనే పెట్టుకోండి. వాటిని తడవని డబ్బాలో, ఇంజన్‌కి దూరంగా పెట్టాలి. హార్డెనర్‌ని మాత్రం నీడలో, విడిగా ఇంకో డబ్బాలో ఉంచండి.