అతకని ఎముకకు మజ్జ ఇంజెక్షన్: విశాఖలో చేయించుకునే ముందు ఏం చూడాలి

మహారాణిపేటలో ఎముకల డాక్టర్లకు కొదవ లేదు. కానీ మజ్జ ఇంజెక్షన్, అంటే మన తుంటి ఎముకలోని మజ్జనే తీసి విరిగి అతకని చోట ఎక్కించడం, చేస్తామన్న ప్రతిచోటా ఒకేలా చేయరు. చూడాల్సింది గది ఏసీ కాదు, సూది పని.

తుంటి ఎముక అంచు నుంచి మజ్జను లాగేటప్పుడు ఒక్కో చోట 2 నుంచి 4 మి.లీ. మించకూడదు. ఒకే రంధ్రం నుంచి సిరంజి నిండా లాగేస్తే వచ్చేది చాలావరకు మామూలు రక్తమే, ఎముకను పుట్టించే కణాలు పలచబడిపోతాయి. సూదిని తిప్పుతూ, లోతూ చోటూ మారుస్తూ తీసేవాళ్లకే మార్కులు. గడ్డకట్టకుండా సిరంజిని ముందే హెపారిన్‌తో తడపాలి. సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి కణాలను వేరుచేసే యంత్రం) ఉంటే 60 మి.లీ.ని 10 మి.లీ. లోపుకు చిక్కబరుస్తారు. లేకపోతే తీసిన వెంటనే ఎక్కించాలి. ఎలాగైనా సీ-ఆర్మ్‌లో (అప్పటికప్పుడు తెర మీద ఎక్స్-రే చూపే యంత్రం) చూస్తూ విరిగిన చోటే ఎక్కించాలి. అంచనాతో కండలోకి పోస్తే డబ్బు దండగ.

2005లో ఫ్రాన్స్ వైద్యులు ప్రచురించిన 60 మోకాలి కింది ఎముక కేసుల్లో 53 అతికాయి. అతకనివాళ్లకు ఎక్కించిన మజ్జలో ఎముకను పుట్టించే కణాలు తక్కువ.

చీము ఉన్నా, ముక్కల మధ్య ఎడం ఎక్కువున్నా, రాడ్డు వదులై ఎముక కదులుతున్నా దీని మీద ఆశ పెట్టుకోకూడదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (లోపల ఇన్ఫెక్షన్ ఉందేమో సూచించే రక్త పరీక్షలు), కొత్త ఎక్స్-రే అడగకుండానే తేదీ ఇచ్చే చోటికి ఒక్క స్టారే. పుత్తూరు కట్టు విప్పి నేరుగా వచ్చినవాళ్లకైతే ముందు ఎముకను కదలకుండా బిగించాలి. సిగరెట్ మానమన్నారా, షుగర్ చూశారా అన్నదీ లెక్కే.

తుంటి దగ్గర నొప్పి కొద్ది రోజులుంటుంది. 6 వారాల ఎక్స్-రేలో ఏమీ కనపడలేదని వెంటనే రెండో ఇంజెక్షన్ అంటే ఒప్పుకోకండి, 12 వారాల ఫిల్మ్ దాకా ఆగండి.